ఎడారిలో నీలి మడుగు - అజ్రక్ కథ



ఎండాకాలం మొదలైతే మన సరిహద్దు జిల్లాల్లో ఇద్దరు రైతులు ఎదురుపడినప్పుడు ముందుగా అడిగే మాట ఏమిటో మీకు తెలియంది కాదు. బళ్ళారి వైపు కానీ, పావగడ వైపు కానీ, ఇటు రాయదుర్గం, మడకశిర, ఆదోని వైపు కానీ, "బోరులో నీళ్ళెట్లా ఉన్నాయి?" అనే అడుగుతారు. ఇంట్లో అందరూ బాగున్నారా అన్నది ఆ తర్వాతి మాట. తెలుగులో అడిగినా కన్నడంలో అడిగినా ప్రశ్న ఒకటే, జవాబు విన్నాక వదిలే నిట్టూర్పూ ఒకటే. ఈనాటి ప్రసంగంలో నేను చెప్పబోయేది మనకు చాలా దూరంలో, పశ్చిమాసియాలోని జోర్డాన్ దేశంలో ఉన్న ఒక ఎడారి మడుగు చరిత్ర. అయినా, వింటున్నంతసేపూ మన బోరు, మన బావి, మన చెరువు మీకు గుర్తుకు వస్తూనే ఉంటాయని నా నమ్మకం.

ఈ కథ నా దగ్గరికి తరగతి గదిలోంచి వచ్చింది. నేను బడిపంతుల్ని. పిల్లలకు ఎడారుల పాఠం చెబుతూ, ఎడారిలో కూడా అక్కడక్కడ ఊటలుంటాయనీ, వాటిని ఒయాసిస్సులంటారనీ, దూరదేశాలకు ఎగిరిపోయే పక్షులు అక్కడ దిగి నీళ్ళు తాగి సేదదీరుతాయనీ చెప్పాను. వెనక వరుసలో కూర్చున్న పిల్లవాడు లేచి, "సార్, ఆ ఊట ఎండిపోతే పక్షులు ఎక్కడికి పోతాయి?" అని అడిగాడు. వాళ్ళ నాన్న ఆ ఏడు రెండు బోర్లు వేయించి, రెండింటిలోనూ దుమ్మే చూశాడని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఏదో సర్దిచెప్పాను. సరైన జవాబు కోసం చదవడం మొదలుపెడితే దొరికినదే ఈ అజ్రక్ కథ.

జోర్డాన్ రాజధాని అమ్మాన్ నగరం. అక్కడినుంచి తూర్పుగా సుమారు 100 కిలోమీటర్లు పోతే అజ్రక్ అనే చిన్న ఊరు వస్తుంది. దారి పొడుగునా చెట్టూ చేమా లేని నేల. ఒకవైపు సున్నపురాయి, ఇంకొకవైపు నల్లని అగ్నిశిల. అక్కడ ఏడాదికి కురిసే వాన 100 మిల్లీమీటర్లు కూడా ఉండదు. కరువుకు పేరుపడిన మన అనంతపురం ప్రాంతానికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా పడుతుందంటే, ఆ నేల ఎంత ఎండునేలో మీరే ఊహించుకోండి. అలాంటి చోట ఒకప్పుడు విశాలమైన నీలి మడుగులు, మనిషిని మించి పెరిగిన జమ్ము, తుంగ, గుంపులు గుంపులుగా బాతులు ఉండేవి. అరబ్బీ భాషలో అజ్రక్ అంటే నీలం. నీటి రంగే ఊరికి పేరయింది.

వాన లేనిచోట అంత నీరు ఎక్కడిది? ఈ సంగతి కాస్త నిదానంగా వినండి, కథకంతటికీ మూలం ఇదే. అజ్రక్‌కు ఉత్తరాన, సిరియా దేశపు దక్షిణభాగంలో, ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతాల కొండలున్నాయి. అక్కడ వానలు మెరుగు, చలికాలంలో మంచు కూడా పడుతుంది. ఆ నీరు అగ్నిశిలల పగుళ్ళలోకి దిగి, నేల అడుగున మెల్లమెల్లగా దక్షిణానికి నడుస్తుంది. అజ్రక్ చుట్టూ ఉన్న నేల పెద్ద పళ్ళెంలాంటిది. సిరియాలోని కొండల నుంచి సౌదీ అరేబియా అంచు దాకా సుమారు 12,700 చదరపు కిలోమీటర్ల పళ్ళెం అది. అందులో బాగా పల్లంగా ఉన్న చోట అజ్రక్ ఉంది. అందుకని భూగర్భంలో నడిచి వచ్చిన నీరు అక్కడ ఊటలై పైకి వచ్చేది. ఉత్తరాన రెండు, దక్షిణాన రెండు, మొత్తం నాలుగు పెద్ద ఊటలు. ఒక్కొక్క నీటిబొట్టు కొండమీద పడ్డనాటినుంచి ఊటలో కనబడేదాకా వేల సంవత్సరాలు పడుతుందని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. అంటే అజ్రక్‌లో దోసిలి పట్టి తాగిన నీరు ఏ రాజ్యమూ పుట్టకముందు కురిసిన వాన అన్నమాట.

ఇంత పాత నీటి దగ్గరికి మనిషి కూడా చాలా పూర్వమే వచ్చాడు. దక్షిణపు ఊటల దగ్గర పురాతత్వ శాస్త్రజ్ఞులు తవ్వితే సుమారు రెండున్నర లక్షల సంవత్సరాల నాటి రాతి పనిముట్లు దొరికాయి. 2016లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఆ రాళ్ళ అంచులకు అంటుకున్న జంతువుల మాంసకృత్తుల ఆనవాళ్ళను పరీక్షించి, అవి ఖడ్గమృగం, గుర్రం, అడవి పశువు, ఒంటె, బాతులవని తేల్చారు. ఇవాళ ముళ్ళకంప కూడా సరిగా మొలవని ఆ నేలమీద ఒకనాడు ఖడ్గమృగం తిరిగింది. దాన్ని కోసిన రాయిమీద దాని గుర్తు ఇన్ని లక్షల ఏళ్ళు చెక్కుచెదరకుండా ఉండిపోయింది.

తర్వాత రాజ్యాలు వచ్చాయి. రోమన్లు సుమారు క్రీస్తుశకం 300 ప్రాంతంలో అక్కడ కోట కట్టారు. నీరున్న చోటే సైన్యం నిలబడగలదని వాళ్ళకు తెలుసు. ఆ కోటను 1237లో ఒక ముస్లిం పాలకుడు నల్లరాతితో మళ్ళీ కట్టించాడు. తలుపులు చేయడానికి ఆ ఎడారిలో కలప ఎక్కడ దొరుకుతుంది? అందుకని తలుపులు కూడా రాతివే పెట్టారు. టన్ను బరువుండే ఆ రాతి తలుపును ఇప్పటికీ తోసి చూడవచ్చు, తిరుగుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తుర్కులమీద అరబ్బులు తిరగబడినప్పుడు, వాళ్ళతో కలిసి పనిచేసిన ఇంగ్లీషువాడు లారెన్స్ 1917 చలికాలంలో ఈ కోటలోనే బస చేశాడు. మీలో కొందరు సినిమాలో చూసి ఉంటారు, ఆ లారెన్సే.

ఇక విహారం సంగతి. నీరు, పక్షులు ఉన్నచోటికి సరదాకోసం మనుషులు వెళ్ళడం ఈనాటి ముచ్చట కాదు. అజ్రక్‌కు పడమటగా కొద్దిదూరంలో ఖుసైర్ అమ్రా అనే చిన్న విహారమందిరం ఉంది. ఎనిమిదో శతాబ్దంలో ఉమయ్యద్ వంశపు రాజులు కట్టించుకున్నది. అందులో స్నానశాల, విందుల గది, గోడలనిండా రంగుల బొమ్మలు ఉన్నాయి. ఆ బొమ్మల్లో అడవి గాడిదలను తరిమి వలల్లోకి తోలి వేటాడే దృశ్యాలున్నాయి. 1985లో యునెస్కో ఆ కట్టడాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. గోడమీది బొమ్మ భద్రంగా ఉంది, బొమ్మలో ఉన్న అడవి గాడిద మాత్రం ఆ ఎడారిలోంచి పోయింది. రాజులకు వేట అంటే విహారం. ఇరవయ్యో శతాబ్దంలో మోటారుకార్లు, తుపాకులు వచ్చాక ఆ విహారం ఎవరికి పడితే వాళ్ళకు చేతికందింది. కారుమీద నుంచి తరిమి కాలిస్తే జింక ఎంతదూరం పరుగెత్తగలదు?

ఈ మడుగు ఒడ్డున స్థిరపడిన జనం గురించి కూడా చెప్పుకోవాలి. మనబోటి వాళ్ళకు ఈ భాగం దగ్గరగా తోస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కాకసస్ కొండలనుంచి వలస వచ్చిన చెచెన్లు దక్షిణపు ఊటల దగ్గర ఊరు కట్టుకున్నారు. ఆ తర్వాత సిరియా కొండలనుంచి వచ్చిన డ్రూజులు ఉత్తరపు ఊటల దగ్గర, కోట పక్కన స్థిరపడ్డారు. చెచెన్లు చేపలు పట్టారు, గేదెలు పెంచారు. డ్రూజులు ఉప్పు పండించారు. బయట అరబ్బీ మాట్లాడినా చెచెన్లు ఇంట్లో తమ భాషను తరాలపాటు విడిచిపెట్టలేదు. వీధిలో కన్నడమో తమిళమో మాట్లాడి, గడప దాటి లోపలికి రాగానే "అవ్వా, ఆకలేస్తాంది" అనే మనకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. రెండు జాతులు, రెండు ఊళ్ళు, మధ్యలో ఒకే నీరు.

1963లో బ్రిటన్ నుంచి కొందరు ప్రకృతి శాస్త్రజ్ఞులు జోర్డాన్ ఎడారిని పరిశీలించడానికి వచ్చారు. నాయకుడు గై మౌంట్‌ఫోర్ట్. జీవశాస్త్రంలో ప్రఖ్యాతుడైన జూలియన్ హక్స్‌లీ కూడా ఆ బృందంలో ఉన్నాడు. అజ్రక్‌ను చూసి వాళ్ళు ఆశ్చర్యపోయారు. యూరప్, పశ్చిమాసియాల నుంచి ఆఫ్రికాకు పోయివచ్చే పక్షులకు ఆ ఎడారిదారిలో ఇది పెద్ద మజిలీ. దీన్ని కాపాడమని వాళ్ళు సలహా ఇచ్చారు. 1966లో జోర్డాన్‌లో ప్రకృతి పరిరక్షణకోసం రాయల్ సొసైటీ ఏర్పడింది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో వేటగాళ్ళు కూడా ఉన్నారు. వేటాడే జంతువు ఏటేటా తగ్గిపోవడం అందరికంటే ముందు వాళ్ళ కంటికే కనబడింది మరి. 1973లో దేశంలో వేటను అదుపుచేసే బాధ్యతను కూడా ప్రభుత్వం ఆ సొసైటీకే అప్పగించింది.

ఇక్కడ ఒక అంకె చెబుతాను, గుర్తుంచుకోండి. 1967 ఫిబ్రవరి 2వ తేదీన అజ్రక్‌లో పక్షులను లెక్కపెట్టారు. ఆ ఒక్కనాడే 3,47,000 పక్షులు కనబడ్డాయి. మూడు లక్షల నలభై ఏడు వేలు! మడుగుమీంచి బాతుల గుంపు లేస్తే ఆ రెక్కల చప్పుడు ఎలా ఉండేదో ఆలోచించండి.

1971లో ఇరాన్‌లోని రామ్‌సార్ పట్టణంలో చిత్తడి నేలలను కాపాడుకోవాలని దేశాలమధ్య ఒప్పందం కుదిరింది. 1977లో జోర్డాన్ ఆ ఒప్పందం కింద చేర్చిన మొదటి చోటు అజ్రక్. మరుసటి ఏడు, 1978లో, అందులో 12 చదరపు కిలోమీటర్ల భాగాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కాగితంమీద చూస్తే ఇంక భయం లేదనిపిస్తుంది. వేట ఆగింది, కంచె పడింది, కాపలా వచ్చింది. కానీ కంచె నేలకు పైనే ఉంటుంది. నేల కిందికి ఎవరు కంచె వేయగలరు?

అమ్మాన్ నగరం పెరిగింది. ఎలా పెరిగిందో కూడా చెప్పకపోతే తప్పు ఒకరిమీదికే నెట్టినట్టవుతుంది. 1948లో, మళ్ళీ 1967లో జరిగిన యుద్ధాలతో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న పాలస్తీనా వాళ్ళు లక్షలాదిగా జోర్డాన్‌కు వచ్చారు. 1990, 91లలో కువైట్ యుద్ధంతో మరో మూడు లక్షల మంది దాకా తిరిగివచ్చారు. వచ్చినవాళ్ళకు తాగడానికి నీళ్ళు కావాలి. జోర్డాన్‌లో పెద్ద నదులు లేవు. అందుకని 1980ల మొదట్లో అజ్రక్ ఊటలకు ఎగువన గొట్టపుబావులు తవ్వి, పైపులు వేసి, అమ్మాన్‌కు నీరు తోడడం మొదలుపెట్టారు. దప్పికగొన్న బిడ్డకు నీరిచ్చిన చేతిని తప్పుపట్టడం కష్టం. అదే సమయంలో అజ్రక్ చుట్టూ పొలాలు లేచాయి. ఆలివ్ తోటలు, కూరగాయలు, పశువుల మేత సాగుచేసే రైతులు కూడా వందల సంఖ్యలో బావులు తవ్వుకున్నారు. అనుమతి ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని.

లెక్క ఇది. ఆ భూగర్భం నుంచి, దాని ఊట చెడకుండా ఏడాదికి తోడుకోగలిగిన నీరు సుమారు 2 కోట్ల 40 లక్షల ఘనపు మీటర్లు. మనకు తెలిసిన కొలతలో ఒక్క టి.ఎం.సి. కూడా కాదు. మన తుంగభద్ర డ్యాములో నిలిచేది నూరు టి.ఎం.సి.లకు పైచిలుకు అని గుర్తుచేసుకుంటే ఆ నీరు ఎంత కొద్దిదో తెలుస్తుంది. ఆ కొద్దిదానిలోంచి దానికి రెట్టింపుకు మించి తోడేస్తూ వచ్చారు. కొండల్లోంచి నీరు వేల ఏళ్ళు నడిచి వస్తుందని చెప్పాను కదా. ఖర్చు మాత్రం పదేళ్ళలో జరిగిపోయింది.

ముందు ఉత్తరపు ఊటలు సన్నగిల్లి ఆగిపోయాయి. 1990లో అజ్రక్‌ను రామ్‌సార్ ఒప్పందం కింద ప్రమాదంలో పడిన చిత్తడి నేలల పట్టికలో చేర్చారు. 1992లో దక్షిణపు ఊటలు కూడా పూర్తిగా ఆగిపోయాయి. మడుగు అడుగున మట్టి నెర్రెలు బారింది. జమ్ము ఎండి గలగలలాడింది. చేపల మీద, గేదెల మీద బతికిన ఇళ్ళకు పని పోయింది. నీలం అని పేరు పెట్టుకున్న ఊళ్ళో నీలం లేకుండా పోయింది. 2000 సంవత్సరం ఫిబ్రవరి 2న, అంటే సరిగ్గా ముప్ఫైమూడేళ్ళ తర్వాత అదే తేదీన, మళ్ళీ పక్షులను లెక్కపెట్టారు. 1,200 కనబడ్డాయి.

మా పిల్లవాడి ప్రశ్న గుర్తుందా? ఊట ఎండిపోతే పక్షులు ఎక్కడికి పోతాయి? కొన్ని వేరే నీటికోసం దూరం పోతాయి, దారిలో బలం చాలనివి రాలిపోతాయి. ఎంతైనా పక్షికి రెక్కలున్నాయి. కానీ అజ్రక్ మడుగుల్లో ఒక చిన్న చేప ఉంది. నాలుగైదు సెంటీమీటర్ల పొడవు, వెండిరంగు, మగచేపకు ఒంటిమీద నల్లని అడ్డచారలు. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా ఉండదు. శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టి, వేరే జాతిగా గుర్తించింది 1983లో. అంటే దానికి పేరు పెట్టిన తొమ్మిదేళ్ళకే దాని ఇల్లు ఎండిపోయింది. దానికి పోవడానికి మరో చోటు లేదు. దీనికి తోడు, ఎవరో తెచ్చి వదిలిన తిలాపియా వంటి పరాయి చేపలు మిగిలిన గుంటల్లో దానికి పోటీ అయ్యాయి.

ఇక్కడితో ఆగిపోతే ఇది ఉత్త ఏడుపు కథ అయ్యేది. ఆగలేదు. 1994లో అంతర్జాతీయ సహాయంతో రాయల్ సొసైటీ మడుగును బతికించే పని మొదలుపెట్టింది. ఊట తనంతట తాను రాదు కనుక, ఏ నేల అడుగునుంచి నీరు తోడారో అందులోంచే కొంత నీటిని పైపు ద్వారా మడుగుకు తిరిగి వదిలారు. పాతదంతా నింపడం సాధ్యం కాదని వాళ్ళకు తెలుసు. అందుకని పూర్వపు మడుగులో పదోవంతును నిలబెట్టుకుంటే చాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఇస్తామన్న నీరు ప్రతి ఏడూ పూర్తిగా రాకపోయినా పని ఆపలేదు.

నీరు రాగానే జమ్ము విపరీతంగా పెరిగింది. మడుగంతా కమ్మేస్తే బాతు దిగడానికి చోటుండదు. కోయడానికి కూలీలు చాలరు. అప్పుడు చెచెన్ల గేదెలు గుర్తుకొచ్చాయి. మన వైపు ఎనుములంటాం, ఆ ఎనుములే. వాటిని మళ్ళీ తెచ్చి మడుగులోకి తోలారు. అవి లేత జమ్మును మేస్తూ, బురదలో పొర్లుతూ, నడుస్తూ దారులు చేశాయి. గేదె పొర్లిన చోట గుంట, గుంటలో తేట నీరు, తేట నీట్లో పురుగూ చేపా, వాటికోసం పక్షి. మన ఊరి చెరువులో ఎనుము దిగితే కొంగ వచ్చి దాని వీపుమీద ఎందుకు కూర్చుంటుందో చిన్నప్పుడే చూసినవాళ్ళం మనం. మనకు ఇది కొత్త శాస్త్రం కాదు.

చేప సంగతి ఇంకా చిత్రం. 2000 ప్రాంతంలో వెతికితే దొరికినవి యాభైకి లోపే. వాటిని జాగ్రత్తగా వేరే గుంటల్లో పెంచి, పరాయి చేపలను తగ్గించి, సంఖ్య పెరిగాక మడుగులో వదిలారు. ఇప్పుడు ఆ చేప మళ్ళీ అజ్రక్ నీళ్ళలో ఈదుతోంది. యాభై చేపల్లోపు నుంచి ఒక జాతిని వెనక్కి తెచ్చుకున్నారు.

ఈనాడు అక్కడికి వెళ్ళే యాత్రికుడు ఏం చేస్తాడు? అతని చేతిలో తుపాకి ఉండదు, దుర్భిణి ఉంటుంది. మడుగుమీదుగా చెక్కపలకలతో వేసిన నడకదారి ఉంది, సుమారు కిలోమీటరున్నర. జమ్ము మధ్యనుంచి మెల్లగా నడుస్తూ పోవచ్చు. ఒకచోట ఉమయ్యద్‌ల కాలంనాటి రాతిగోడ అవశేషం కనబడుతుంది. మడుగు ఒడ్డున మట్టి ఇటుకలతో కట్టిన చిన్న గది ఉంది. అందులో కూర్చుని, సన్నని సందుల్లోంచి చడీచప్పుడు లేకుండా పక్షులను చూడవచ్చు. ఇప్పటిదాకా అజ్రక్‌లో మూడువందలకు పైగా పక్షిజాతులను గుర్తించారు. చలికాలం నుంచి వసంతం దాకా వాటి రాకపోకలు ఎక్కువ. రాత్రి ఉండాలనుకుంటే 1940లలో బ్రిటిష్ సైన్యం ఆసుపత్రిగా కట్టుకున్న భవనాన్ని వసతిగృహంగా మార్చారు. అక్కడ చెచెన్ వంటలు వడ్డిస్తారు. దగ్గరలోనే షౌమారి అనే మరో రక్షిత ప్రాంతం ఉంది. ప్రకృతిలో పూర్తిగా అంతరించిపోయిన అరేబియా ఒరిక్స్ అనే తెల్లని కొమ్ముల జింకను 1978లో తెచ్చి పెంచింది అక్కడే. యాత్రికుల వల్ల వచ్చే డబ్బుతో మడుగు పనీ సాగుతుంది, ఊళ్ళో కొన్ని ఇళ్ళలో పొయ్యీ వెలుగుతుంది.

అయినా ఒక మాట దాచకూడదు. ఆ చెక్కదారిమీద నిలబడి మనం చూసే నీరు ఊటనీరు కాదు, పైపునీరు. పైపు కట్టేస్తే మడుగు మళ్ళీ ఎండుతుంది. భూగర్భంలోంచి తోడడం ఆగలేదు. 2013లో దేశం దక్షిణపు కొసనున్న దీసీ నుంచి 300 కిలోమీటర్లకు పైగా పైపులు వేసి అమ్మాన్‌కు మరో పాతనీటిని తెచ్చారు. అయినా కరువు తీరలేదు. 2014లో సిరియా యుద్ధంలో నిరాశ్రయులైన వాళ్ళకోసం అజ్రక్ పేరుతోనే ఎడారిలో పెద్ద శిబిరం తెరిచారు. వాళ్ళకూ నీళ్ళు కావాలి. ఎవరినని కాదంటారు? అందుకే నేను దీన్ని మంచివాళ్ళకూ చెడ్డవాళ్ళకూ జరిగిన పోరుగా చెప్పలేను. అందరికీ అవసరమే. కాకపోతే ఆ అవసరాలన్నీ లెక్కలోకి వచ్చాయి, భూమికి ఉన్న శక్తి ఒక్కటే లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. హగరిబొమ్మనహళ్ళి తాలూకాలో, అంటే పాత బళ్ళారి జిల్లాలో, ఇప్పటి విజయనగర జిల్లాలో, అంకసముద్రం అనే ఊరి చెరువు ఉంది. సుమారు 244 ఎకరాలు. చెరువులో నీట మునిగిన తుమ్మచెట్లమీద ఎర్రకాళ్ళ కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు గూళ్ళు పెడతాయి. 2017లో దాన్ని పక్షి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. 2024 జనవరిలో అజ్రక్ చేరిన ఆ రామ్‌సార్ పట్టికలోనే అంకసముద్రమూ చేరింది. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చింతచెట్లమీదే గూళ్ళు పెడతాయి. ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఆ కొంగలు వాన బాగా పడి చుట్టుపక్కల చెరువులు నిండిన ఏడు గుంపులుగా వస్తాయి, ఎండిన ఏడు పలచబడతాయి. ఏ చెరువులో నీరుందో మనకంటే వాటికే బాగా తెలుసు.

మన పెద్దలు చెరువుకింద బావులు తవ్వుకున్నారు. కపిల తోలే రోజుల్లో రెండు జతల ఎద్దులు పొద్దంతా తోడినా బావి తెల్లవారేసరికి ఊరేది. ఎద్దుకు అలసట వస్తే తోడడం ఆగేది. మోటారుకు అలసట లేదు. మా తాత తోలిన కపిల బావిలో నేను ఈత నేర్చుకున్నాను. ఇవాళ ఆ బావిలో మా పిల్లలకు చూపించడానికి కంపచెట్టు తప్ప ఏమీ లేదు. పక్కనే వేసిన బోరు కొన్నాళ్ళు పోసింది, ఆ బోరు పక్కన వేసిన మరో బోరుతో అదీ ఆగింది. దీంట్లో తప్పు మా ఇంటిది ఎంతో, పక్క పొలం వాళ్ళది ఎంతో నేను తేల్చలేను. నేల పైన గట్లు వేరైనా, నేల కింద నీరు ఒకటే. అది ఆంధ్రది కాదు, కర్ణాటకది కాదు.

అజ్రక్ నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు, నిజమే. కానీ అంత డబ్బు పెట్టి, అంతమంది ముప్ఫై ఏళ్ళు కష్టపడితే వచ్చింది పదోవంతు. మిగిలిన తొమ్మిది వంతులు రాలేదు. కనుక ఊట సన్నబడినప్పుడే పట్టించుకోవాలి. ఊళ్ళో కొంగలు తగ్గితే, చెరువులో తుంగ ఎండితే, బావిలో మెట్టు ఒకటి ఎక్కువ కనబడితే, అది నేల పంపిన ఉత్తరం. ఆ ఉత్తరం వచ్చిన రోజే చదువుకోవాలి.

మీరు ఈసారి పిల్లలను తీసుకుని ఏ పక్షుల చెరువుకైనా విహారానికి వెళితే, అన్నం మూటలు విప్పేముందు ఒక్క పని చేయండి. ఈ నీరు ఎక్కడినుంచి వస్తోంది, చుట్టూ ఎన్ని బోర్లున్నాయి, పోయిన ఏడు కట్టమీద ఎంతదాకా నీరుండేది అని ఆ ఊరి పెద్దవాళ్ళను అడగండి. పిల్లలు వింటారు. వాళ్ళలో ఎవరో ఒకరు, మా వెనక వరుస పిల్లవాడిలాగా, మనకు జవాబు తెలియని ప్రశ్న వేస్తారు. ఆ పిల్లవాడికి నేను అప్పుడు సర్దిచెప్పిన మాటను వెనక్కి తీసుకుని, మొన్న అజ్రక్ కథంతా చెప్పాను. విన్నాక వాడు పక్షుల గురించి ఏమీ అడగలేదు. "సార్, ఆ చేపలు ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?" అని మాత్రం అడిగాడు.

"లెక్కపెట్టేవాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఉంటాయిరా," అన్నాను.